కట్టడి విధానం: ఐరోపాలో పుట్టింది, ఆసియాకు వచ్చేసరికి ఏమైంది?

నిడదవోలు మాస్టారు

డిగ్రీ విద్యార్థులకు ప్రచ్ఛన్న యుద్ధం పాఠం చెప్పేటప్పుడు ఏటా ఒకే ప్రశ్న ఎదురవుతుంది: కమ్యూనిజం వ్యాపించకుండా అమెరికా అనుసరించిన కట్టడి విధానం నెగ్గినట్టా, ఓడినట్టా? పాఠ్యపుస్తకాలు 1947లో అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ ప్రసంగంతో మొదలుపెట్టి, 1991లో సోవియట్ యూనియన్ పతనంతో ముగించి, ఆ నలభై నాలుగేళ్లూ ఒకే విధానం నడిచినట్టు రాస్తాయి. నా ఉద్దేశంలో అక్కడ రెండు విధానాలున్నాయి. మొదటిది ఫలించింది, రెండోది తాను అడ్డుకోవాలనుకున్న దానినే చాలాచోట్ల పెంచి పోషించింది.

మొదటిది జార్జ్ కెన్నన్‌ది. 1946 ఫిబ్రవరిలో మాస్కోలోని అమెరికా రాయబార కార్యాలయం బాధ్యత ఆయన చేతిలో ఉంది. జలుబు, జ్వరం, పంటినొప్పితో మంచం మీద ఉన్న సమయంలో, ప్రపంచ బ్యాంకులోనూ ద్రవ్యనిధిలోనూ చేరడానికి రష్యన్లు ఎందుకు వెనకాడుతున్నారో వివరించమని వాషింగ్టన్ నుంచి ఆయనకు ప్రశ్న వచ్చింది. ఎన్నాళ్లుగానో తన మాట ఎవరూ వినడం లేదని విసిగి ఉన్న ఆయన, పడుకునే కార్యదర్శికి చెప్పి రాయించి, ఫిబ్రవరి 22న వేల పదాల టెలిగ్రామ్ పంపారు. మరీ పొడవుగా కనిపించకుండా దానిని ఐదు భాగాలుగా విడగొట్టి పంపారట! సోవియట్ పాలకులకు బయటి ప్రపంచం మీద ఉన్న అపనమ్మకం పాత రష్యన్ అభద్రతాభావమేననీ, గట్టి ప్రతిఘటన ఎదురైన చోట వాళ్లు వెనక్కి తగ్గుతారనీ, అందువల్ల యుద్ధం చేయకుండానే వాళ్లను నిలువరించవచ్చనీ అందులోని సారాంశం. మరుసటి ఏడాది జూలైలో ‘ఎక్స్’ అనే మారుపేరుతో ప్రచురించిన వ్యాసంలో ఇదే వాదాన్ని విస్తరించి, ఓపికగా, గట్టిగా, చాలాకాలం పాటు అడ్డుకోగలిగితే ఆ వ్యవస్థ తనలోని లోపాల వల్లే కూలిపోతుందని, లేదా మెత్తబడుతుందని రాశారు.

రెండో విధానంలో కెన్నన్ ఓపిక లేదు. ప్రపంచంలో ఏ మూల కమ్యూనిస్టులు కనిపించినా అక్కడికి ఆయుధాలు పంపడం, సైనిక కూటములు కట్టడం, నచ్చని ప్రభుత్వాలను పడగొట్టడం దాని పద్ధతి. ఈ మలుపు ఎక్కడ వచ్చింది, ఎందుకు వచ్చింది అన్న విషయంపై సభ్యుల అభిప్రాయాలు తెలుసుకోవాలని ఉంది.


సీమ పెన్ను

మాస్టారు గారు మొదటిదానికి చాలా మంచి మార్కులు వేశారు. రెండోదాని విత్తనం మొదటిదానిలోనే ఉంది. గ్రీసులో ప్రభుత్వానికి తాము ఇస్తున్న సహాయాన్ని ఇక కొనసాగించలేమని 1947 ఫిబ్రవరి 21న బ్రిటన్ అమెరికాకు తెలిపితే, మూడు వారాలు తిరగకుండానే, మార్చి 12న ట్రూమన్ తమ పార్లమెంటు ఉభయసభల ముందు నిలబడి గ్రీసు, టర్కీలకు 40 కోట్ల డాలర్లు అడిగారు. డబ్బు రెండు దేశాలకే అడిగినా, సూత్రం మాత్రం సాయుధ మైనారిటీల నుంచి గానీ బయటి ఒత్తిళ్ల నుంచి గానీ తమను తాము కాపాడుకుంటున్న స్వేచ్ఛాప్రజలందరికీ మద్దతివ్వాలని ప్రకటించారు. ఆ ‘అందరికీ’ అన్న మాటకు హద్దు ఎక్కడుంది? ఇంత విస్తృతమైన భాష వాడటం కెన్నన్‌కు కూడా నచ్చలేదు. పత్రికా రచయిత వాల్టర్ లిప్‌మన్ అదే ఏడాది తన వ్యాసాలలో, ఈ దారిలో వెళితే అమెరికా తన చుట్టూ బలహీనమైన, నమ్మదగని ఆశ్రిత ప్రభుత్వాల గుంపును పోగేసుకుని, వాటి తప్పులన్నిటికీ తానే పూచీ పడవలసి వస్తుందని హెచ్చరించాడు.

గ్రీసు విషయంలోనే ఒక విచిత్రం ఉంది. అక్కడి కమ్యూనిస్టు తిరుగుబాటు వెనుక స్టాలిన్ ఉన్నాడని వాషింగ్టన్ నమ్మింది. కానీ 1944 అక్టోబరులో మాస్కోలో చర్చిల్‌తో కూర్చుని గ్రీసును బ్రిటన్ వాటాకు వదిలేసిన వాడు స్టాలినే; ఆ తిరుగుబాటును ఆపేయమని 1948లో యుగోస్లావ్ నాయకులకు చెప్పినదీ ఆయనే. గెరిల్లాలకు అండగా నిలిచింది యుగోస్లావియా నాయకుడు టిటో. 1948లో టిటోకు, స్టాలిన్‌కు చెడింది. 1949 జూలైలో టిటో సరిహద్దు మూసేశాడు. ఆ అక్టోబరుకల్లా అంతర్యుద్ధం ముగిసిపోయింది. అమెరికా ఆయుధాలు, సలహాదారులు పనిచేయలేదని నేననను. కానీ ఇద్దరు కమ్యూనిస్టుల తగాదా కూడా అంతే పని చేసింది. దీని నుంచి నేర్చుకోవలసిన పాఠాన్ని, అంటే కమ్యూనిస్టు దేశాలన్నీ ఒకే ముద్ద కాదన్న సంగతిని, అమెరికా యుగోస్లావియా వరకు నేర్చుకుని టిటోకు సహాయం చేసింది గానీ, చైనా విషయంలో నేర్చుకోవడానికి ఇరవై ఏళ్లకు పైగా పట్టింది.


అట్లాంటా తెలుగువాడు

లిప్‌మన్ హెచ్చరిక సరే. కానీ 1947 శీతాకాలంలో పశ్చిమ ఐరోపా ఏ స్థితిలో ఉందో చూడకుండా మాట్లాడటం న్యాయం కాదు. బొగ్గు లేదు, తిండి లేదు, కొనడానికి డాలర్లు లేవు. ఫ్రాన్స్‌లోనూ ఇటలీలోనూ కమ్యూనిస్టు పార్టీలు అతిపెద్ద పార్టీల సరసన ఉన్నాయి. ఆ స్థితిలో అమెరికా పంపింది సైన్యాన్ని కాదు. జూన్ 5న హార్వర్డ్‌లో అమెరికా విదేశాంగ మంత్రి మార్షల్ ప్రకటించిన పథకం కింద 1948 నుంచి 1952 వరకు దాదాపు 1,300 కోట్ల డాలర్ల గోధుమలు, పత్తి, యంత్రాలు, ఇంధనం వెళ్లాయి. సోవియట్ యూనియన్‌ను కూడా చర్చలకు పిలిచారు. సోవియట్ విదేశాంగ మంత్రి మొలోతోవ్ పెద్ద బృందంతో పారిస్ వచ్చి, కొద్ది రోజులకే లేచి వెళ్లిపోయాడు. చేరతామన్న చెకోస్లోవేకియాను మాస్కో వెనక్కి లాగింది, మరుసటి ఫిబ్రవరిలో అక్కడ కమ్యూనిస్టులు అధికారం మొత్తం చేజిక్కించుకున్నారు. 1948లో సోవియట్లు పశ్చిమ బెర్లిన్‌కు రోడ్లు, రైళ్లు మూసేస్తే పదకొండు నెలల పాటు విమానాల మీద బొగ్గు, పిండి మోసి ఆ నగరాన్ని నిలబెట్టారు. ఒక్క తూటా పేల్చలేదు. ఇది కెన్నన్ విధానమే, ఇది గెలిచింది.

ఇక రెండో విధానం అంటారా, దానిని మలిచింది అమెరికా అత్యాశ ఒక్కటే కాదు. 1949 ఆగస్టులో సోవియట్ యూనియన్ అణుబాంబు పరీక్షించింది, అక్టోబరు 1న మావో పెకింగ్‌లో (ఇప్పటి బీజింగ్) ప్రజా రిపబ్లిక్‌ను ప్రకటించాడు. రెండు నెలల వ్యవధిలో ఇవి రెండూ జరిగితే ఏ ప్రభుత్వమైనా పాత లెక్కలు చూసుకుంటూ కూర్చుంటుందా?


నిడదవోలు మాస్టారు

కూర్చోదు, ఒప్పుకుంటాను. అయితే కొత్త లెక్క ఎలా వేశారో చూడండి. కెన్నన్ దృష్టిలో ప్రపంచ శక్తికి కీలకమైన పారిశ్రామిక కేంద్రాలు ఐదే: అమెరికా, బ్రిటన్, రైన్ నదీ ప్రాంతం, జపాన్, సోవియట్ యూనియన్. ఐదోది ఎలాగూ ప్రత్యర్థి చేతిలో ఉంది కాబట్టి మిగిలిన నాలుగూ అటు పోకుండా చూసుకుంటే చాలని ఆయన వాదం. 1950 ఆరంభంలో అమెరికా విదేశాంగ శాఖ విధాన రచనా విభాగంలో ఆయన స్థానంలోకి పాల్ నిట్జ్ వచ్చారు. ఆ ఏప్రిల్‌లో తయారైన ఎన్ఎస్‌సి-68 అనే రహస్య పత్రం, స్వేచ్ఛా ప్రపంచంలో ఎక్కడ ఓటమి ఎదురైనా అది అంతటా ఓటమేనని తేల్చింది. ముఖ్యమైన చోటు, ముఖ్యం కాని చోటు అన్న తేడా పోయాక ఖర్చుకు హద్దెక్కడిది? 1950లో దాదాపు 1,300 కోట్ల డాలర్లుగా ఉన్న రక్షణ వ్యయం మూడేళ్లలో 5,000 కోట్ల దరిదాపులకు చేరింది. మొదట్లో ఇంత ఖర్చు చూసి ట్రూమన్ కూడా వెనకాడారు. జూన్ 25న ఉత్తర కొరియా సైన్యం రెండు కొరియాలను విడదీసే 38వ అక్షాంశ రేఖ దాటి దక్షిణానికి దిగడంతో ఆ సందేహం కాస్తా ఎగిరిపోయింది.


పాత పత్రికలు

కొరియా ప్రస్తావన వచ్చింది కాబట్టి కాస్త విస్తరంగా రాస్తాను. ఈ చర్చకు ఇరుసు అక్కడే ఉందని నా నమ్మకం.

1950 జూన్‌లో అమెరికా కట్టడి పరిధిలోనే ఉంది. దాడి జరిగింది, దాడి చేసిన సైన్యాన్ని రేఖ ఆవలికి నెట్టాలి. భారతదేశం కూడా ఐక్యరాజ్యసమితిలో దాడిని ఖండించే తీర్మానాన్ని సమర్థించింది. సైన్యాన్ని పంపకపోయినా, 60వ పారాచూట్ ఫీల్డ్ అంబులెన్స్ అనే సైనిక వైద్య దళాన్ని పంపింది. సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితి దళాల అధిపతి, అమెరికన్ జనరల్ మెకార్థర్ ఇంచన్ దగ్గర సైన్యాన్ని దించి ఉత్తర కొరియన్ల వెన్ను విరిచాడు. నెలాఖరుకు సియోల్ తిరిగి చేతికొచ్చింది. కట్టడి అన్న పని అక్కడితో పూర్తయింది. కానీ ఆ విజయం మత్తులో రేఖ దాటి ఉత్తరాన్ని కూడా విముక్తం చేద్దామన్న నిర్ణయం జరిగింది.

అప్పుడు పెకింగ్‌లో మన రాయబారి కె. ఎం. పణిక్కర్. చైనాతో అమెరికాకు దౌత్య సంబంధాలు లేవు, కాబట్టి చైనా ఏదైనా చెప్పదలుచుకుంటే దారి ఆయనే. అక్టోబరు 2 రాత్రి నిద్రలో ఉన్న ఆయనను లేపి, చైనా ప్రధాని చౌ ఎన్‌లై వెంటనే రమ్మంటున్నారని కబురు చెప్పారు. అర్ధరాత్రి పన్నెండున్నరకు ఆయన ప్రధాని నివాసానికి చేరారు. చౌ ఆ వేళప్పుడు రప్పించినందుకు మర్యాదలు, టీ అన్నీ యథావిధిగా జరిపించి, విషయం సూటిగా చెప్పారు: దక్షిణ కొరియా సైన్యం రేఖ దాటితే దాటనివ్వండి, అది లెక్కలోది కాదు, అమెరికన్లు దాటితే మాత్రం చైనా జోక్యం చేసుకోక తప్పదు. పణిక్కర్ ఇంటికి తిరిగి వచ్చి ఆ రాత్రే ఢిల్లీకి టెలిగ్రామ్ పంపారు. ఢిల్లీ నుంచి లండన్‌కు, వాషింగ్టన్‌కు ఆ మాట అందింది. వాషింగ్టన్ దానిని బెదిరింపుగా కొట్టిపారేసింది. పణిక్కర్ కమ్యూనిస్టుల వైపు మొగ్గిన మనిషని ట్రూమన్ అభిప్రాయం. ఐక్యరాజ్యసమితిలో కీలకమైన ఓటింగు ముందుండగా ఇదొక ఎత్తుగడ అనుకున్నారు. అక్టోబరు 7న కొరియా ఏకీకరణకు దారి తీసే తీర్మానం నెగ్గింది, భారత్ ఓటింగుకు దూరంగా ఉంది. రెండు రోజుల్లో అమెరికన్ దళాలు పెద్దఎత్తున రేఖ దాటాయి. అక్టోబరు 19న చైనా సైన్యం ఉత్తర కొరియా సరిహద్దులోని యాలూ నది దాటింది.

ఆ తరువాత జరిగిందంతా తెలిసిందే. సియోల్ మళ్లీ పోయింది, మళ్లీ వచ్చింది; 1951 ఏప్రిల్‌లో మెకార్థర్‌ను తొలగించారు; 1953 జూలై 27న యుద్ధవిరమణ నాటికి సరిహద్దు ఇంచుమించు మొదలైన చోటుకే చేరింది. మూడేళ్ల యుద్ధంలో మొదటి మూడు నెలలు కట్టడి కోసం జరిగాయి. మిగిలిన రెండేళ్ల పైచిలుకు, కట్టడిని మించి ఏదో సాధించబోయినందుకు చెల్లించిన మూల్యం. ముప్పయి ఆరు వేలకు పైగా అమెరికన్ సైనికులు పోయారు. కొరియన్లు, చైనీయులు ఎందరు పోయారో లక్షల్లోనే చెప్పుకోవాలి.


కొత్త విద్యార్థి

పాత పత్రికలు గారికి ఒక ప్రశ్న. చౌ మాటను అమెరికా నమ్మకపోవడానికి పణిక్కర్ మీద అపనమ్మకం ఒక్కటే కారణమా? పోటీ పరీక్షల పుస్తకాలలో అలాగే ఉంది.


పాత పత్రికలు

ఒక్కటే కాదు. అసలు కారణం చైనా గురించి వాళ్లకున్న అంచనా. అంతర్యుద్ధం ముగిసి ఏడాదైనా కాలేదు, విమానబలం అంతంత మాత్రం, అటువంటి దేశం అణ్వస్త్ర రాజ్యంతో తలపడుతుందా అన్నది ఒక లెక్క. చైనా ఏం చేయాలో నిర్ణయించేది మాస్కోయే, మాస్కోకు ఇప్పుడు పెద్ద యుద్ధం ఇష్టం లేదు అన్నది మరో లెక్క. పైన సీమ పెన్ను గారు చెప్పిన ‘ఒకే ముద్ద’ ఆలోచన ఇక్కడ కూడా పనిచేసింది. తన గుమ్మం ముందు శత్రు సైన్యం నిలబడటాన్ని ఏ చైనా ప్రభుత్వమైనా, అది ఏ రంగు జెండాదైనా, సహించదన్నది పెకింగ్‌లో కూర్చున్న వాళ్లకు కనిపించింది.


కంటోన్మెంట్

యుద్ధం చివరి ఘట్టంలో మన సైన్యం నిర్వహించిన పాత్రను మన పాఠ్యపుస్తకాలు ఒక వాక్యంలో తేల్చేస్తాయి. యుద్ధవిరమణ చర్చలు ఏడాదికి పైగా ఆగిపోయింది ఖైదీల విషయంలో. తమ దేశానికి తిరిగి వెళ్లడానికి ఇష్టపడని ఖైదీలను బలవంతంగా పంపేది లేదని అమెరికా, అందరినీ పంపి తీరాలని చైనా పట్టుబట్టాయి. కమ్యూనిస్టు సైనికులే వెనక్కి వెళ్లం అంటున్నారంటే అది తమ సిద్ధాంతానికి గెలుపని వాషింగ్టన్ భావించింది. చివరకు తటస్థ దేశాల కమిషన్ వేసి దానికి జనరల్ కె. ఎస్. తిమ్మయ్యను అధ్యక్షుడిగా పెట్టారు. ఖైదీల కాపలాకు మేజర్ జనరల్ ఎస్. పి. పి. థోరట్ నాయకత్వంలో భారతీయ దళం వెళ్లింది. దక్షిణ కొరియా అధ్యక్షుడు సింగ్‌మన్ రీ మన సైన్యాన్ని తన నేల మీద అడుగు పెట్టనివ్వనన్నాడు! దాంతో ఓడల మీద నుంచి హెలికాప్టర్లలో నేరుగా నిస్సైనిక మండలానికి చేర్చవలసి వచ్చింది.

ఇరవై రెండు వేల మందికి పైగా ఖైదీలను మన వాళ్లకు అప్పగించారు. ఒక్కొక్కరినీ గుడారంలోకి తీసుకువచ్చి, వాళ్ల దేశపు ప్రతినిధులు ఎదుట కూర్చుని ఇంటికి రమ్మని నచ్చజెప్పాలి. కమిషన్ సభ్యులు చూస్తుంటారు. విన్న తరువాత ఖైదీ రెండు ద్వారాలలో ఒకదాని గుండా బయటికి వెళ్లాలి. కొందరు లోపలికి రావడానికే నిరాకరించారు, కొందరు కుర్చీలు విసిరారు, శిబిరాల లోపల రెండు పక్షాల ఏజెంట్లూ ఖైదీలను భయపెట్టి గుప్పిట్లో పెట్టుకున్నారు. మన సైనికులు ఆయుధ బలం చూపకుండా దాదాపు ఆ పని మొత్తం నడిపించారు. చివరికి అత్యధికులు వెనక్కి వెళ్లలేదు. ఏ పక్షానికీ వెళ్లం అన్న 88 మందిని మన దళం తనతో పాటు భారతదేశానికి తీసుకువచ్చింది. రెండు కూటముల మధ్య పోటీలో ‘ఎవరి వైపూ కాదు’ అన్న గడి నిజంగా ఉందని చూపించిన వాళ్లు ఆ 88 మందే అనిపిస్తుంది నాకు.


వరంగల్ వాణి

అదే సమయంలో ఇదే విధానం భారతదేశంతో ఎలా వ్యవహరించిందో కూడా చెప్పుకోవాలి. 1950 చివర మన దేశం తీవ్రమైన తిండి కొరతలో ఉండి అమెరికాను 20 లక్షల టన్నుల ధాన్యం అడిగింది. 1951 ఫిబ్రవరిలో చైనాను దురాక్రమణదారుగా ప్రకటించే తీర్మానానికి మనం వ్యతిరేకంగా ఓటేయడంతో అమెరికా పార్లమెంటు సభ్యులు మండిపడ్డారు. సహాయంగా ఇవ్వాలా, అప్పుగా ఇవ్వాలా అని నెలల తరబడి వాదించి, చివరికి జూన్‌లో 19 కోట్ల డాలర్ల అప్పుగా ఇచ్చారు. ఈలోగా రష్యా, చైనాల నుంచి కొంత ధాన్యం రానే వచ్చింది. పరిమాణం చూస్తే అమెరికా గోధుమలే ఎన్నో రెట్లు ఎక్కువ, కానీ జనానికి గుర్తున్నది ఆలస్యం, ఆ చర్చల్లో వినవలసి వచ్చిన మాటలు. ఆకలి ఉన్న చోట కమ్యూనిజం పెరుగుతుందని ఊరూరా చెప్పే దేశం, ఆకలి తీర్చే దగ్గర ఇలా బేరమాడటం ఏ రకం కట్టడి? అప్పటికి తెలంగాణలో సాయుధ పోరాటం ఇంకా ముగియలేదన్నది గుర్తుంచుకోవాలి. అమెరికా రాయబారి చెస్టర్ బౌల్స్‌కు ఈ సంగతి తెలుసు. 1952 అక్టోబరు 2న మొదలైన సామాజిక వికాస పథకాలకు అమెరికా డబ్బు వచ్చేలా పట్టుబట్టింది ఆయనే. అధ్యక్ష ఎన్నికల్లో ఐజన్‌హోవర్ గెలిచాక ఆయన పదవి పోయింది.

తరువాత ఐజన్‌హోవర్ విదేశాంగ మంత్రి డల్లెస్ హయాం. 1954 మే 19న పాకిస్తాన్‌తో సైనిక సహాయ ఒప్పందం, సెప్టెంబరులో మనీలాలో సీటో అనే ఆగ్నేయాసియా కూటమి, మరుసటి ఏడాది పశ్చిమాసియాలో బాగ్దాద్ ఒప్పందం. కాగితం మీద ఇదంతా కమ్యూనిజం చుట్టూ కట్టిన కంచె. పాకిస్తాన్ ఆ కంచెలో చేరింది కమ్యూనిజానికి భయపడి కాదు, మన మీద పైచేయి కోసం. ఆ ఆయుధాలను భారత్ మీద వాడనిచ్చేది లేదని ఐజన్‌హోవర్ నెహ్రూకు లేఖ రాశారు. 1965లో ఖేమ్‌కరణ్ దగ్గర చెరకు తోటల్లో కూరుకుపోయిన పాకిస్తాన్ వారి అమెరికన్ పాటన్ ట్యాంకులు ఆ హామీకి ఏమైందో చెబుతాయి. మాస్కోకు ఇంతకన్నా మంచి అవకాశం ఏం కావాలి? 1955 ఫిబ్రవరిలో భిలాయి ఉక్కు కర్మాగారానికి ఒప్పందం చేసింది. డిసెంబరులో సోవియట్ నాయకుడు కృశ్చేవ్ శ్రీనగర్ వచ్చి కాశ్మీర్ భారత్‌లో భాగమని ప్రకటించాడు. 1957లో భద్రతామండలిలో కాశ్మీర్ తీర్మానం మీద సోవియట్లు వీటో వేశారు. సోవియట్ ప్రభావం దక్షిణాసియాకు రాకుండా కట్టిన కూటమే దానిని సగౌరవంగా లోపలికి పిలిచింది.


అట్లాంటా తెలుగువాడు

వాణి గారి వాదనలో నాకు ఒక చిక్కు కనిపిస్తోంది. సోవియట్ ప్రభావం పెరగడం వేరు, కమ్యూనిజం వ్యాపించడం వేరు. భిలాయి వచ్చినంత మాత్రాన భారతదేశం కమ్యూనిస్టు దేశం కాలేదు కదా. పైగా మాస్కోతో స్నేహం ఇక్కడి కమ్యూనిస్టుల కాళ్లకే అడ్డం పడింది.


పాత పత్రికలు

అట్లాంటా వారు అన్న చివరి మాటకు మన దగ్గరే మంచి ఉదాహరణ ఉంది. ఆంధ్ర రాష్ట్రం 1953 అక్టోబరు 1న ఏర్పడింది. ప్రకాశం పంతులు గారి మంత్రివర్గం 1954 నవంబరులో పడిపోయింది, 1955 ఫిబ్రవరిలో మధ్యంతర ఎన్నికలు వచ్చాయి. 1952 ఎన్నికల్లో ఆంధ్ర ప్రాంతంలో కమ్యూనిస్టులు 41 స్థానాలు గెలిచి ఉన్నారు, ఈసారి ప్రభుత్వమే వాళ్లదని ప్రచారం. స్వతంత్ర భారతంలో బ్యాలెట్ ద్వారా మొదటి కమ్యూనిస్టు ప్రభుత్వం ఇక్కడే వస్తుందేమోనని విదేశీ పత్రికలు సైతం ఎదురు చూశాయి. కాంగ్రెస్, కృషికార్ లోక్ పార్టీ, ప్రజా పార్టీ ఒక్కటై నిలబడ్డాయి.

సరిగ్గా ఆ సమయంలో, జనవరి నెలాఖరున, మాస్కోలో ‘ప్రావ్దా’ పత్రిక నెహ్రూ విదేశాంగ విధానాన్ని మెచ్చుకుంటూ సంపాదకీయం రాసింది. అమెరికా కూటముల్లో చేరని నెహ్రూ మాస్కోకు అప్పుడు ఎంతో అవసరమైన మనిషి. కాంగ్రెస్ వారు దానిని అచ్చేయించి ఊళ్లలో పంచిపెట్టారు: మీ రష్యావాళ్లే మా నాయకుణ్ణి మెచ్చుకుంటుంటే మీరెందుకు తిడుతున్నారు? వేదికల మీద కమ్యూనిస్టు కార్యకర్తల దగ్గర దీనికి సరైన జవాబు లేకపోయింది. ఫలితాల్లో 196 స్థానాలకు గాను వాళ్లకు దక్కినవి 15. ఓట్లు మాత్రం 31 శాతం వచ్చాయి, అంటే బలం తగ్గలేదు, ఎదుటి పక్షాలు ఏకం కావడమే దెబ్బ తీసింది. ప్రావ్దా ఒక్కటే ఓడించిందనడం అతిశయోక్తి అవుతుంది. అయినా ఆ ఎన్నికలో డల్లెస్ కూటములన్నీ చేయలేని పని ఒక సోవియట్ సంపాదకీయం కొంతైనా చేసిపెట్టిందంటే తప్పు లేదు.


సీమ పెన్ను

కేరళ సంగతి వదిలేశారు. 1957లో అక్కడ కమ్యూనిస్టులు ఎన్నికల్లో నెగ్గి ఇ. ఎం. ఎస్. నంబూద్రిపాద్ ముఖ్యమంత్రి అయ్యారు, 1959 జూలై 31న కేంద్రం ఆ ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేసింది. కమ్యూనిస్టులను నిలువరించేందుకు కేరళలో, పశ్చిమ బెంగాల్‌లో కాంగ్రెస్‌కు అమెరికా డబ్బు ఇచ్చిందని 1970లలో ఢిల్లీలో అమెరికా రాయబారిగా ఉన్న మొయినిహాన్ తరువాత రాశారు. ఇరాన్‌లో 1953లో ప్రధాని మొసాదెగ్‌ను, గ్వాటెమాలాలో 1954లో అధ్యక్షుడు అర్బెంజ్‌ను అమెరికా పడగొట్టిన తీరుతో పోలిస్తే ఇది చిన్న విషయమే. ఎన్నికైన ఆ ఇద్దరిలో ఎవరూ కమ్యూనిస్టులు కారు, ఒకరు చమురు, మరొకరు అరటితోటల భూములు ముట్టుకున్నారంతే.


ఉక్కునగరం

ఆర్థిక సహాయం గురించి వాణి గారు చెప్పినదానికి బొకారో కథ జోడించాలి. భిలాయి రష్యన్లది, రూర్కెలా జర్మన్లది, దుర్గాపూర్ బ్రిటిష్ వారిది అయ్యాక, నాలుగోదైన బొకారోను అమెరికా కట్టాలని ఢిల్లీలోని అమెరికా రాయబారి గాల్‌బ్రెయిత్ ఎంతో ప్రయత్నించారు. అధ్యక్షుడు కెనడీకి కూడా ఇష్టమే. భిలాయికి దీటుగా అమెరికన్ కర్మాగారం నిలబడి ఉంటే కమ్యూనిజానికి అంతకుమించిన జవాబు ఏముంటుందని వారి ఆలోచన. కానీ 1963 మార్చిలో విదేశీ సహాయాన్ని సమీక్షించిన జనరల్ క్లే కమిటీ, ప్రైవేటు రంగంతో పోటీపడే ప్రభుత్వ సంస్థలకు అమెరికా డబ్బు ఇవ్వరాదని తేల్చింది. వారి పార్లమెంటులో గొడవ ముదిరాక నెహ్రూయే ఆ అభ్యర్థన ఉపసంహరించుకుని మిత్రులను ఇబ్బంది నుంచి తప్పించారు. 1965లో రష్యన్లు సంతకం చేశారు.

హైదరాబాద్‌లో ప్రభుత్వ మందుల సంస్థ ఐడీపీఎల్‌దీ ఇదే కోవ. 1961లో ఏర్పడిన ఆ సంస్థకు సోవియట్ సాంకేతిక సహాయంతో బాలానగర్ వైపు సింథటిక్ మందుల కర్మాగారం వచ్చింది. అక్కడ పనిచేసి బయటికొచ్చిన వాళ్లే, అంజిరెడ్డి గారితో సహా, తరువాత నగరం చుట్టూ ప్రైవేటు మందుల కంపెనీలు పెట్టారు. ఆ కంపెనీలు ఈరోజు మందులు అమ్ముకునే పెద్ద మార్కెట్ అమెరికా. ప్రభుత్వ సంస్థలకు డబ్బిస్తే సోషలిజం పెరుగుతుందన్న క్లే కమిటీ భయం ఇక్కడ సరిగ్గా తలకిందులైంది. అమెరికా మన నగరానికి ఏమీ ఇవ్వలేదని కాదు: 1964లో ఉస్మానియా ఆవరణలో వచ్చిన అమెరికన్ అధ్యయన కేంద్రపు గ్రంథాలయం ఎన్నో పరిశోధనలకు ఆధారమైంది.


నిర్వాహకులు

మందుల కంపెనీల మీద విడిగా చర్చ ఉంది, దానిని అక్కడ కొనసాగించవలసిందిగా మనవి. ఇక్కడ విదేశాంగ విధానానికే పరిమితమవుదాం.


కొత్త విద్యార్థి

వియత్నాం గురించి ఎవరూ రాయలేదేమిటి? కట్టడి విధానం ఓటమి అంటే అందరికీ ముందుగా గుర్తొచ్చేది అదే కదా.


నిడదవోలు మాస్టారు

దాని గురించి అందరికీ తెలుసు కాబట్టి. అయినా కెన్నన్‌కు సంబంధించిన ఒక్క విషయం చెబుతాను. 1966 ఫిబ్రవరిలో సెనేటర్ ఫుల్‌బ్రైట్ అధ్యక్షతన జరిగిన విచారణలో ఆయన సాక్ష్యం చెప్పారు, అది టెలివిజన్‌లో దేశమంతా ప్రసారమైంది. మనం ఇప్పటికే అక్కడ చిక్కుకుని ఉండకపోతే, ఇప్పుడు కొత్తగా వెళ్లడానికి నాకు ఒక్క కారణం కూడా కనిపించడం లేదన్నది ఆయన మాటల తాత్పర్యం. కట్టడి విధానానికి తండ్రి అని పేరుపడ్డ మనిషి ఆ పేరుతో జరుగుతున్న యుద్ధాన్ని ఖండిస్తుంటే, దానిని నడుపుతున్నవారు ఆయన 1947 వ్యాసాన్నే సమర్థనగా చూపించేవారు. ఆయన లెక్కలోని ఐదు కేంద్రాల్లో వియత్నాం లేదు.

ఇంతవరకు చదివాక నేను పాఠాన్ని రెండు భాగాలు చేయాలని నిశ్చయించాను. 1946 నుంచి 1950 జూన్ 25 వరకు ఒకటి, అక్కడి నుంచి 1991 వరకు రెండోది.


అట్లాంటా తెలుగువాడు

గీత జూన్‌లో గీస్తే దక్షిణ కొరియాను కాపాడటం కూడా తప్పుల ఖాతాలో పడుతుంది. ఆ దేశం ఈరోజు ఎక్కడుంది, ఉత్తర కొరియా ఎక్కడుంది? సింగ్‌మన్ రీ నియంతే, ఆయన తరువాత వచ్చిన సైనిక పాలకులూ నియంతలే; అయినా ఆ ప్రజలు 1987లో వీధుల్లోకి వచ్చి ప్రజాస్వామ్యం తెచ్చుకోగలిగారు, ఉత్తరాన ఆ అవకాశమే లేదు. పాత పత్రికలు గారి లెక్క ప్రకారమే గీత అక్టోబరు 1950లో, రేఖ దాటిన వారంలో పడాలి. దాడిని ఆపడం కట్టడి, అక్కడి నుంచి ముందుకు పోవడం వేరే పని.


పాత పత్రికలు

నేనైతే రెండు తేదీలనూ ఒప్పుకోను. కొరియాలో తూటా పేలకముందే, 1950 మే 8న, ఇండోచైనాలో ఫ్రాన్స్ చేస్తున్న యుద్ధానికి సహాయం చేస్తామని అమెరికా విదేశాంగ మంత్రి అచెసన్ ప్రకటించారు. అప్పటికి ఉత్తర కొరియా దాడి లేదు, చైనా సైన్యం యాలూ దాటలేదు. ఫ్రాన్స్ తిరిగి సంపాదించుకోవాలనుకున్న వలస అది. అవతల ఉన్న వియత్నాం నాయకుడు హో చి మిన్ 1945లో తమ స్వాతంత్ర్య ప్రకటనను అమెరికా స్వాతంత్ర్య ప్రకటనలోని వాక్యాలతోనే మొదలుపెట్టి, ట్రూమన్‌కు సహాయం కోరుతూ లేఖలు రాసినా జవాబు రాలేదు. ఐరోపాలో ఫ్రాన్స్ సోవియట్‌లకు ఎదురు నిలబడాలంటే ఆసియాలో దాని వలసను కాపాడాలన్న బేరం ఆ మే నెలలో కుదిరింది. 1954 నాటికి ఆ యుద్ధం ఖర్చులో అధిక భాగం అమెరికాయే భరిస్తోంది. ఐరోపాలో నిదానంగా, డబ్బుతో నడిచిన విధానం ఆసియాలో మొదటి నుంచీ పాత వలసపాలకుల పక్కన నిలబడి తుపాకీతోనే నడిచింది. కాబట్టి పాఠాన్ని తేదీని బట్టి చీల్చకుండా, ఐరోపా అధ్యాయం, ఆసియా అధ్యాయం అని చీల్చమని నా సూచన.


అట్లాంటా తెలుగువాడు

అలా చీలిస్తే జపాన్ ఏ అధ్యాయంలో పడుతుంది? భూసంస్కరణలు, ఆర్థిక పునర్నిర్మాణం, కెన్నన్ స్వయంగా 1948లో టోక్యో వెళ్లి మెకార్థర్‌తో మాట్లాడి మార్పించిన విధానం, అన్నీ ఆసియాలోనే జరిగాయి కదా.


పాత పత్రికలు

జపాన్ ఆ ఐదు కేంద్రాల్లో ఒకటి, అది ఐరోపా అధ్యాయంలోనే ఉండాలి. మాస్టారు గారు శీర్షికను ఎలా సర్దుతారో ఆయనకే వదిలేద్దాం.